పొద్దుతిరుగుడు పువ్వును ఫ్రెంచిలో ఏమంటారు?

ఈ శీర్షికలో మనం ఎన్నోసార్లు పొదుపు గురించి, పిల్లల చదువుల గురించి, అత్తాకోడళ్ళ సర్దుబాట్ల గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. నలభై దాటిన గృహిణి మధ్యాహ్నం పూట ఇంట్లో కూర్చుని ఫ్రెంచి భాష నేర్చుకోవడం ఎలా? అదీ ట్యూషన్ లేకుండా, పక్షులు, చెట్లు, సముద్రాల వీడియోలు చూస్తూ!

ఎందుకు నేర్చుకోవాలి అంటారా? ఒక్కొక్కరికి ఒక్కో కారణం. ఇంటర్లో రెండో భాషగా మార్కుల కోసం ఫ్రెంచి తీసుకున్న పిల్లలు మన హైదరాబాదులో చాలా మందే ఉన్నారు. వాళ్ళ పుస్తకం తెరిచి చూస్తే తల్లికి ఒక్క ముక్క అర్థం కాదు. ఇంకొందరి పిల్లలు కెనడాలో ఉంటారు. నా కారణం అదే. మా చెల్లెలు వాళ్ళు మాంట్రియల్లో ఉంటారు. అది క్యూబెక్ రాష్ట్రంలోది. అక్కడ 1977లో వచ్చిన భాషా చట్టం ప్రకారం, బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ పిల్లలు సాధారణంగా ఫ్రెంచి బడిలోనే చదవాలి. మా చెల్లెలి కొడుక్కి ఏడేళ్ళు. బడిలో ఫ్రెంచి, వీధిలో ఫ్రెంచి, టీవీలో ఫ్రెంచి. తెలుగు ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడుకునేటప్పుడు చెవిన పడేది మాత్రమే. వీడియో కాల్లో "పెద్దమ్మా, హాయ్" అని చెప్పి పారిపోయేవాడు. వాడి తప్పేముంది? నాతో మాట్లాడ్డానికి వాడి దగ్గర మాటల్లేవు, వాడితో మాట్లాడ్డానికి నా దగ్గర లేవు.

వాడికి జంతువులంటే పిచ్చి. అందుకని నేనూ జంతువుల దగ్గరే మొదలుపెట్టాను.

మా అత్తమ్మ మొదటిరోజే అడిగింది, "గీ వయసుల గా భాషెందుకే నీకు? ఏ దేశం పోతవ్?" అని. మావారు ఇంకో అడుగు ముందుకేసి, "కూర మాడితే ఇక ఫ్రెంచిలో తిట్టుకుంటావన్నమాట" అన్నారు. ఇలాంటివి మీ ఇంట్లోనూ ఎదురవుతాయి. నవ్వి ఊరుకోండి. రోజుకి ఇరవై నిమిషాలు చాలు. సీరియల్ ఒక్కటి తగ్గితే సరిపోతుంది.

మనకి అంత పరాయి భాష కాదు

ముందు భయం పోవాలి. ఫ్రెంచి మన తెలుగు నేలకి కొత్తది కాదు. గోదావరి ఒడ్డున ఉన్న యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలనే. అక్కడి పాత తరంలో బడి చదువు ఫ్రెంచిలో సాగినవాళ్ళు ఉన్నారు. మన హైదరాబాదులో మూసారాంబాగ్ పేరు కూడా, నిజాం సైన్యంలో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు మీదుగా వచ్చిందంటారు. ఆయన 1798లో చనిపోయాడు. సమాధి మలక్‌పేట దగ్గర ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది.

ఇక మారిషస్ సంగతి. యానాం పక్కనే కోరంగి ఉంది కదా, ఇప్పుడు మడ అడవులకి పేరుపొందిన చోటు. ఒకప్పుడు అది పెద్ద ఓడరేవు. చెరకు తోటల పనికి మనవాళ్ళు 19వ శతాబ్దంలో ఆ వైపు నుంచి ఓడలెక్కి మారిషస్ వెళ్ళారు. అందుకే అక్కడ తెలుగువాళ్ళని "కొరింగీలు" అనేవారు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఆ రేవును తుడిచిపెట్టేసింది. వెళ్ళినవాళ్ళ పిల్లల పిల్లలు ఈనాడు ఫ్రెంచి, ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ మాట్లాడతారు. అయినా ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశంలోనే జరిగాయి. భాష మారినా పండగని వాళ్ళు వదల్లేదు చూడండి.

వంటింట్లోకి వస్తే, ఆమ్లెట్, సూప్, మెనూ, బఫే, బొకే ఇవన్నీ ఫ్రెంచి మాటలే. బఫే స్పెల్లింగులో చివర "టి" అక్షరం ఉన్నా మనం "బఫెట్" అనం. ఫ్రెంచిలో చివరి హల్లు చాలాసార్లు పలకదు. ఈ సూత్రం మీకు ముందే తెలుసన్నమాట!

మన చెవికి తెలిసిన ధ్వనులు

ఇంగ్లీషు ద్వారా ఫ్రెంచి నేర్చుకుంటే కష్టం. తెలుగు ద్వారా అయితే కొన్ని సులువులున్నాయి.

ఒకటి, నువ్వు, మీరు అనే తేడా. ఇంగ్లీషులో అందరికీ "యూ" ఒక్కటే. ఫ్రెంచిలో దగ్గరివాళ్ళకి "త్యు", పెద్దలకీ కొత్తవాళ్ళకీ "వూ". మనకి ఇది నేర్పాల్సిన పనే లేదు.

రెండు, సంధి. పదో తరగతిలో చదువుకున్న ఉత్వ సంధి గుర్తుందా? వాడు, ఎక్కడ కలిసి వాడెక్కడ అవుతుంది. ముందు మాటలోని చివరి అచ్చు పోతుంది. ఫ్రెంచిలోనూ అంతే. "ల" అనే చిన్నమాట పక్కన "అర్బ్ర్" (చెట్టు) వస్తే "లార్బ్ర్" అయిపోతుంది.

మూడు, అరసున్న. మన పాత పుస్తకాల్లో ఉండేది, ఇప్పుడు ఎవరూ రాయడం లేదు. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులకి అది చక్కగా పనికొస్తుంది. సీతాకోకచిలుక వాళ్ళకి "పాపియోఁ". చివర "న్" అని గట్టిగా అనకూడదు, ముక్కులోకి వదిలెయ్యాలి.

నాలుగు, వాళ్ళ "ర". అందరూ భయపడేది దీనికే. పాతబస్తీ వాళ్ళు "గరీబ్" అనేటప్పుడు గొంతులో నలిగే "గ" విన్నారా? ఇంచుమించు అదే. కాటేదాన్, ఆరాంఘర్ ప్రాంతాల్లో ఉండే మనకి ఆ ధ్వని రోజూ వినిపించేదే.

కష్టమైంది ఒకటుంది, ఆడ మగ తేడా. ప్రతి వస్తువుకీ లింగం ఉంటుంది. సూర్యుడు మగ, భూమి ఆడ, ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ చంద్రుడు ఆడ! మనకి చందమామ మేనమామ, వాళ్ళకి ఆడపడుచు. సముద్రం కూడా ఆడే. సముద్రాన్ని "మేర్" అంటారు, అమ్మనీ "మేర్" అనే అంటారు. స్పెల్లింగు వేరు, పలకడం ఒకటే. హిందీలో "అచ్ఛా, అచ్ఛీ" తేడా తెలిసినవాళ్ళకి ఈ పద్ధతి త్వరగా పట్టుబడుతుంది.

ప్రకృతి వీడియోలే ఎందుకు?

సినిమాలో నలుగురు ఒకేసారి మాట్లాడతారు, గబగబా మాట్లాడతారు, జోకులేస్తారు. ప్రకృతి చిత్రంలో సాధారణంగా ఒక్క గొంతే ఉంటుంది. నింపాదిగా చెబుతారు. ఏ మాట చెబుతున్నారో ఆ బొమ్మ అప్పుడే తెర మీద ఉంటుంది. "లేజ్వాజో" అన్నప్పుడు పక్షులు ఎగురుతుంటే ఇక డిక్షనరీ ఎందుకు? పైగా ఈ చిత్రాల్లో చాలావరకు "తింటుంది, ఎగురుతుంది, గుడ్డు పెడుతుంది" అని వర్తమానకాలంలోనే చెబుతారు. మొదట్లో మనకి కావలసింది అదే.

ఫ్రెంచివాళ్ళు ఇలాంటి చిత్రాలు తీయడంలో దిట్టలు. ఎర్ర టోపీ పెట్టుకున్న జాక్ కూస్తో సముద్రం అడుగున తీసిన "నిశ్శబ్ద ప్రపంచం" 1956లో కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి గెలుచుకుంది. అందులో డైనమైట్ పేల్చి చేపల్ని చంపిన దృశ్యాలున్నాయి, ఇప్పుడు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ కూస్తోనే తర్వాతి కాలంలో సముద్రాలని కాపాడాలని ఊరూరా తిరిగి చెప్పాడు. 1996లో వచ్చిన "మైక్రోకాస్మోస్" పురుగుల సినిమా. దాంట్లో మాటలు దాదాపు ఉండవు. నత్త, తేనెటీగ, చీమ కనిపించినప్పుడల్లా మీరే ఫ్రెంచిలో పేరు చెప్పుకుంటూ చూడొచ్చు, పరీక్షలాగా.

2005లో లుక్ జాకే తీసిన ఎంపరర్ పెంగ్విన్ల చిత్రాన్ని మాత్రం మీవారితో కలిసి చూడండి. తల్లి గుడ్డు పెట్టి, తిండి కోసం సముద్రానికి వెళ్ళిపోతుంది. తండ్రి రెండు నెలలకు పైగా ఆ గుడ్డును కాళ్ళ మీద పెట్టుకుని, తిండి లేకుండా, మంచుగాలిలో నిలబడతాడు. మా ఇంట్లో ఆ భాగం వచ్చినప్పుడు ఎవరూ మాట్లాడలేదు, మా అత్తమ్మ తప్ప. "గట్లుండాలె మొగోడంటే" అంది. ఫ్రెంచి ప్రతిలో పెంగ్విన్లే మాట్లాడుతున్నట్టు నటీనటులు గొంతు ఇచ్చారు. ఇంగ్లీషు ప్రతిలో అలా కాదు, ఒకరే కథ చెబుతారు. కాబట్టి ఫ్రెంచిదే వెతకండి. ఒక జాగ్రత్త. వాళ్ళు పెంగ్విన్ను "మాఁషో" అంటారు. "పేఁగ్వేఁ" అన్న మాట ఉంది గానీ అది ఉత్తరాది సముద్రాల్లో ఉండే వేరే పక్షి.

యాఁ ఆర్త్యూస్ బెర్త్రాఁ అనే ఆయన యాభైకి పైగా దేశాల్లో ఆకాశం నుంచి భూమిని చిత్రించి, 2009 జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, "హోమ్" అనే చిత్రాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. భూమి, నీరు, అడవి, నూనె, వేడి లాంటి మాటలు దాంట్లో పదే పదే వస్తాయి. ఒకేసారి చూడకండి, పది నిమిషాల చొప్పున చూడండి. పిల్లలున్న ఇళ్ళలో అయితే "సే పా సోర్సియే" అనే పాత టీవీ కార్యక్రమం బాగుంటుంది. అగ్నిపర్వతం ఎందుకు పేలుతుంది, మురుగునీరు ఎలా శుద్ధవుతుంది వంటివి బొమ్మలతో చూపిస్తారు. కాకపోతే కొంచెం వేగంగా మాట్లాడతారు. టీవీ5 మోంద్ అనే ఫ్రెంచి చానల్ వాళ్ళు చిన్న చిన్న వీడియోలకి ప్రశ్నలు జోడించి, మొదటి మెట్టు నుంచి వరుసగా, ఉచితంగా ఇస్తున్నారు. మొదలుపెట్టేవాళ్ళకి అదే మంచిది.

ఎలా చూడాలి?

అయిదు నిమిషాల వీడియో ఒక్కటి తీసుకోండి. మొదటిసారి అక్షరాలు లేకుండా, కేవలం బొమ్మలు చూస్తూ వినండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు. రెండోసారి కింద ఫ్రెంచి అక్షరాలు పెట్టుకోండి. ఇంగ్లీషు అక్షరాలు వద్దు. అవి పెడితే కన్ను వాటినే చదువుతుంది, చెవి పనిచేయడం మానేస్తుంది. మూడోసారి వేగం ముప్పాతికకి తగ్గించి, ఒక్కో వాక్యానికి ఆపి, పైకి చెప్పండి. గట్టిగా చెప్పాలి, మనసులో అనుకుంటే నోరు తిరగదు. అదే వీడియో నాలుగు రోజులు చూడాలి. రోజుకో కొత్తది చూస్తే ఏదీ నిలవదు.

పాల లెక్క రాసే లాంటి చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక వరసలో ఫ్రెంచి స్పెల్లింగు, పక్కన తెలుగు లిపిలో పలికే తీరు, ఆ పక్కన తెలుగు అర్థం. ఆడ మాటలకి ఎర్ర పెన్ను, మగ మాటలకి నీలం పెన్ను. రోజుకి ఆరు మాటలు మించొద్దు. రాత్రి గిన్నెలు కడిగేటప్పుడు ఆ ఆరూ గుర్తుచేసుకోండి.

ఇలా రాస్తూ పోతుంటే ఎంత సరదాగా ఉంటుందో! ఆలుగడ్డ వాళ్ళకి "పోమ్ ద తేర్", అంటే నేల ఆపిల్. గబ్బిలం "షోవ్ సూరి", అంటే బోడి ఎలుక. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన టర్కీ కోడి "దేఁద్", అంటే ఇండియాది! పొద్దుతిరుగుడు పువ్వు "తూర్నెసోల్". తూర్న్ అంటే తిరగడం, సోల్ అంటే పొద్దు. మన రైతులూ వాళ్ళ రైతులూ ఆ పువ్వును చూసి ఒకే మాట అనుకున్నారు. "వేర్" అని పలికే మాటలు నాలుగున్నాయి. వానపాము, ఆకుపచ్చ, గాజుగ్లాసు, వైపు. మనకేమో వేరంటే చెట్టు వేరు. నోటుపుస్తకంలో ఈ నాలుగూ ఒకే పేజీలో రాసుకుంటే ఇక మర్చిపోరు.

కెనడా ఫ్రెంచికి, ఫ్రాన్సు ఫ్రెంచికి తేడాలున్నాయి. పెద్ద కొమ్ముల మూస్ జింకను ఫ్రాన్సులో "ఎలాఁ" అంటే, క్యూబెక్లో "ఒరిన్యాల్" అంటారు. ఆంధ్రలో వంకాయ, మన దగ్గర వంకాయే గానీ, టొమాటో రామ్ములక్కాయ అయినట్టు అన్నమాట. పిల్లలు ఏ దేశంలో ఉంటే ఆ మాటే నేర్చుకోండి.

మా చెరువు సంగతి

మనకి ఆదివారం సాయంత్రమంటే వాళ్ళకి పొద్దున. ఇప్పుడు మా చిన్నోడు పారిపోవడం లేదు. వాడొక మాట, నేనొక మాట. కిటికీలోంచి ఉడుతను చూపించి వాడు "ఎక్యురోయ్" అంటాడు, నేను "ఉడుత" అంటాను. వాడు "ఉదుత" అంటాడు. నా "ఎక్యురోయ్" విని వాడు నవ్వుతాడు. తూనీగ, గబ్బిలం, కప్ప, నెమలి ఇలా ఎనిమిది నెలల్లో వాడికి అరవై తెలుగు మాటలు వచ్చాయి. మా చెల్లెలు లెక్కపెట్టి మరీ చెప్పింది.

ఒక ఆదివారం వాళ్ళు సరస్సు దగ్గరికి వెళ్ళారు. అద్దంలాంటి నీళ్ళు. అది చూపించి, "పెద్దమ్మా, మీ లాక్?" అని అడిగాడు. లాక్ అంటే సరస్సు. మాకు దగ్గర్లో నూర్ మహ్మద్ కుంట ఉంది. కాటేదాన్ పారిశ్రామికవాడ మురుగు ఏళ్ళ తరబడి చేరిన కుంట అది. ఈ ప్రాంతం మట్టిలో సీసం, జింక్, క్రోమియం లాంటి లోహాలు ఎక్కువగా ఉన్నాయని 2008లో వెలువడిన శాస్త్రవేత్తల అధ్యయనం కూడా చెప్పింది. తర్వాతి వారం గట్టు మీంచి ఫోన్ తిప్పి చూపించాను. వాడు ముక్కు మూసుకుని "సే సాల్!" అన్నాడు, మురికిగా ఉందని. వాసన వాడిదాకా పోదు కదా, చూపుతోనే తెలిసిపోయింది. వెంటనే "పుర్‌క్వా?" అన్నాడు. ఎందుకు అని.

దానికి జవాబు చెప్పే ఫ్రెంచి నా దగ్గర లేదు. పెంగ్విన్లూ సీతాకోకచిలుకలూ వచ్చు గానీ, మా ఊరి గురించి చెప్పే మాటలు రావు. ఆ వారమంతా నీటి కాలుష్యం మీద వీడియోలే చూశాను. "యుజీన్" అంటే ఫ్యాక్టరీ. "ఓజ్యుజే" అంటే వాడేసిన నీళ్ళు, మురుగు. "ఫ్యుమే" అంటే పొగ. "ప్రోప్ర్" అంటే శుభ్రం. ఆ నాలుగు మాటలూ పట్టుకుని, వచ్చే ఆదివారం విడివిడిగా చెప్పాను. వాడు శ్రద్ధగా విని, వాళ్ళమ్మ చేత తెలుగులో అడిగించాడు: "మరి ఆ ఫ్యాక్టరీవాళ్ళకి మీరు చెప్పారా?"

ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నాం. కిటికీలు మూసుకోవడం, నీళ్ళ క్యాన్లు కొనుక్కోవడం అలవాటైపోయింది. మనం అడగొచ్చు అన్న ఆలోచన ఏడేళ్ళ పిల్లాడు అడిగాక వచ్చింది. మా బస్తీ ఆడవాళ్ళం ఆరుగురం కూర్చుని, కుంటలోకి వచ్చే మురుగు గురించి అర్జీ రాశాం, తెలుగులోనే. సంబంధిత కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. జవాబు ఇంకా రాలేదు. చిన్నోడు ప్రతి ఆదివారం "రెపోఁస్?" అని అడుగుతున్నాడు. జవాబు వచ్చిందా అని. వచ్చే నెల మళ్ళీ వెళ్తాం.

వీడియోలతో ఏది రాదు?

ఉన్నమాట చెప్పుకోవాలి. ఈ పద్ధతిలో పేర్లు వస్తాయి, చెవి అలవాటు పడుతుంది, చిన్న వాక్యాలు వస్తాయి. కానీ ఎదుటి మనిషితో గడగడా మాట్లాడటం రాదు. దానికి మనిషే కావాలి. ఇంట్లో ఫ్రెంచి చదివే పిల్లలుంటే వాళ్ళనే పంతుళ్ళను చేసుకోండి. అమ్మకి పాఠం చెప్పడం వాళ్ళకి భలే ఇష్టం, వాళ్ళ చదువూ గట్టిపడుతుంది.

ఉద్యోగానికో, విదేశానికో సర్టిఫికెట్ కావాలంటే డెల్ఫ్ లాంటి పరీక్ష రాయాలి. దానికి బంజారాహిల్స్‌లోని అలయన్స్ ఫ్రాన్సేజ్ వంటి చోట్ల పద్ధతిగా నేర్చుకోవడం మంచిది. "మూడు నెలల్లో ఫ్రెంచి, ఆరు నెలల్లో కెనడా" అని గోడల మీద కనిపించే ప్రకటనలు చూసి డబ్బు కట్టకండి. ముందు నెల రోజులు ఉచిత వీడియోలతో పిల్లల ఆసక్తి ఎంతో చూడండి. ఆ తర్వాతే ఫీజు మాట. ఇంటర్లో రెండో భాష ఎంచుకునే పిల్లలకి కూడా ఒక మాట చెప్పండి. మార్కుల కోసం ఫ్రెంచి తీసుకుంటే తీసుకోండి గానీ, ఇంట్లో తెలుగు పుస్తకం ఒకటి మాత్రం తెరిచే ఉంచండి.

ఈ వారం నోటుపుస్తకంలోకి పది మాటలు

నీరు – ఓ
వాన – ప్లుయి
చెట్టు – అర్బ్ర్
అడవి – ఫోరే
పువ్వు – ఫ్లర్
పక్షి – వాజో
తేనెటీగ – అబేయ్
భూమి – తేర్
సూర్యుడు – సోలెయ్
చంద్రుడు – ల్యూన్

ఇందులో చెట్టు, పక్షి, సూర్యుడు నీలం పెన్నుతో, మిగతా ఏడూ ఎర్ర పెన్నుతో రాసుకోండి. వారం తర్వాత పుస్తకం మూసి పదీ చెప్పి చూసుకోండి. ఎన్ని గుర్తున్నాయో, మీ ఇంట్లో ఎవరేమన్నారో ఉత్తరం రాయండి. మీ ఊరి చెరువు ఎలా ఉందో కూడా రాయండి. వచ్చే వారం ఎండాకాలం ఒడియాల కొలతలతో కలుద్దాం.